పడవచెక్కల ఇల్లు

కొత్త బడిలో చేరిన మొదటి రోజు మనందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మీది ఏ ఊరు?"

నాకు ఆ ప్రశ్న అంటే ఎప్పుడూ ఇబ్బందే. నేను పుట్టింది విశాఖపట్నంలో. ఒకటి నుంచి మూడో తరగతి దాకా అస్సాంలోని సిల్చర్‌లో చదివాను. నాలుగు, ఐదు, ఆరు తరగతులు జోధ్‌పూర్‌లో. ఆ తర్వాత జబల్‌పూర్. మా తమ్ముడు సిల్చర్‌లోనే పుట్టాడు. నాన్న సర్వీసు పుస్తకంలో 'హోమ్ టౌన్' అన్న చోట మాత్రం అమలాపురం దగ్గర మా నానమ్మ ఉండే ఊరి పేరుంది. అక్కడ నేను గడిపిన రోజులన్నీ కూడితే మూడు నెలలు కూడా కావు. మరి నాది ఏ ఊరు? బడిలో ఎవరైనా అడిగితే ఆ సమయానికి నోటికి ఏది వస్తే అది చెప్పేదాన్ని. ఒకసారి ఒకే రోజు ఇద్దరికి రెండు ఊళ్ళు చెప్పి దొరికిపోయాను కూడా.

2024 డిసెంబరు సెలవుల్లో అండమాన్ వెళ్ళినప్పుడు మేము నాలుగు రోజులు ఉన్న ఒక చిత్రమైన గెస్ట్‌హౌస్ గురించి రాయాలని కూర్చున్నాను. కానీ ఆ ఇంటి గురించి చెప్పాలంటే ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

మన ఇళ్ళల్లో ఎల్.టి.సి. అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. నాలుగేళ్ళ బ్లాకులో ఒక హోమ్ టౌన్ ఎల్.టి.సి.ని వదులుకుంటే దాని బదులు అండమాన్‌కి వెళ్ళిరావచ్చు. మా నాన్న ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ అలా చేయలేదు. సెలవు దొరికితే నానమ్మ దగ్గరికే. ఈసారి అమ్మ గట్టిగా పట్టుబట్టింది. "పెద్దది వచ్చే ఏడు పదో తరగతి. ఇక రెండేళ్ళు కదలడానికి ఉండదు" అంది. నాన్న వారం రోజులు ఆలోచించి, చివరికి నానమ్మకు ఫోన్ చేశాడు.

"సముద్రం చూడ్డానికి విమానం ఎక్కాలిట్రా? ఓడలరేవులో సముద్రం లేదూ? కొబ్బరిచెట్లు మన దొడ్లో లేవూ?" అని నవ్వింది నానమ్మ. కాసేపాగి, "సర్లే, వెళ్ళిరండి. పిల్లలు చూస్తారు. నేనెక్కడికి పోతాను?" అంది. ఆ చివరి మాట విన్నాక నాన్న చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాడు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

హౌరా దాకా రైల్లో, కోల్‌కతా నుంచి విమానంలో వెళ్ళాం. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కిందంతా నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. ఉన్నట్టుండి ముదురాకుపచ్చ దీవులు కనిపించాయి. మేము దిగిన ఊరి పేరు అప్పటికి మూడు నెలల క్రితమే మారింది. అంతకుముందు పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం. ఆటో అతను మేము మాట్లాడుకునేది విని, "తెలుగోళ్ళా? ఏ ఊరండీ మీది?" అని అడిగాడు. అక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న! అతనిది జంగ్లీఘాట్. అక్కడ చేపలవేట చేసుకునే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయట. "మా తాత కాలంలోనే వచ్చేసినాం. మాది సోంపేట దగ్గరండీ" అన్నాడు. మీరు ఎప్పుడైనా సోంపేట వెళ్ళారా అని తమ్ముడు అడిగితే, "రెండుసార్లు ఎల్లాను బాబూ, రెండూ పెళ్ళిళ్ళకే" అన్నాడు. అయినా మాది సోంపేట అని అంత ధీమాగా ఎలా చెప్పాడో నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం సెల్యులర్ జైలు చూశాం. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకు ఏడు రెక్కలు ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుని నిలబడితే, ఇంటికి దూరంగా ఉండడం అన్న మాటకు అర్థం వేరేగా తెలిసింది. బదిలీల గురించి నేను చేసే ఫిర్యాదులు తలచుకుంటే కొంచెం సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ ఎక్కి సుమారు రెండు గంటల్లో షహీద్ ద్వీప్ చేరాం. దీనికి కూడా పేరు మారింది. 2018 డిసెంబరు దాకా దీన్ని నీల్ ఐలాండ్ అనేవారు. 1857 నాటి ఒక బ్రిటిష్ సైనికాధికారి పేరు అది. దీవి చాలా చిన్నది, సుమారు 14 చదరపు కిలోమీటర్లు. కానీ అందులోని ఊళ్ళ పేర్లు వింటే రామాయణం విన్నట్టే ఉంటుంది. రామ్‌నగర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. "హనుమాన్‌పూర్ ఏది?" అని తమ్ముడు జెట్టీలో ఉన్నవాళ్ళందరినీ అడిగాడు.

డిసెంబరు కాబట్టి ప్రభుత్వ అతిథిగృహాలు నిండిపోయాయి. అమ్మ స్నేహితురాలు ఒకామె చెబితే లక్ష్మణ్‌పూర్ ఒడ్డుకు ఐదు నిమిషాల నడక దూరంలో ఉన్న ఈ గెస్ట్‌హౌస్‌లో గది తీసుకున్నాం. చూడగానే నాన్న ముఖం మారిపోయింది. ఆయన అనుకున్నది తెల్ల గోడలు, వరసగా నంబర్లు వేసిన గదులు, గోడకు ఒక క్యాలెండరు. అక్కడ కనిపించింది వేరు.

ఆ ఇంటిని పాత పడవచెక్కలతో కట్టారు. అక్కడ చిన్న చేపల పడవల్ని డోంగీలంటారు. పనికిరాకుండా పోయిన డోంగీలను విప్పి, ఆ చెక్కలతోనే గోడలు, తలుపులు, మంచాలు చేశారు. పాత రంగులు గీకేయలేదు. ఒక చెక్క నీలం, పక్కది వెలిసిన ఎరుపు, దాని పక్కది ఆకుపచ్చ. దూరం నుంచి చూస్తే ఎవరో పెద్ద బొంత కుట్టి నిలబెట్టినట్టుంది. మా గది తలుపు మీద ఏదో పడవ పేరులో చివరి రెండు బెంగాలీ అక్షరాలు మిగిలాయి, 'మాలా' అని. అందుకని ఆ గది పేరు 'మాలా'. పక్క గది తలుపు మీద 'పంఖీ' అని ఉంది కాబట్టి అది 'పంఖీ'. మూడో గది తలుపు చెక్క మీద పేరేదీ లేదు, ఒక అంకె మాత్రమే ఉంది. అందుకని మూడే గదులున్న ఆ ఇంట్లో మూడో గది నంబరు 27!

వరండా మధ్యలోంచి ఒక కొబ్బరిచెట్టు పైకి వెళ్తుంది. చెట్టు కొట్టడం ఇష్టం లేక, దాని చుట్టూ కప్పును గుండ్రంగా కత్తిరించారు. గాలికి చెట్టు ఊగినప్పుడు కప్పుకు తగలకుండా ఆ కంతలో పాత టైరు ఒకటి అమర్చారు. దీపాలకు గొడుగుల్లా వెదురు చేపల బుట్టలు బోర్లించారు. రాత్రి దీపం వేస్తే గోడల నిండా వలలాగా నీడలు. కుర్చీలు ఏ రెండూ ఒకలా లేవు. కిటికీలకు పాత నేత చీరల తెరలు. స్నానాల గదికి సగం కప్పే ఉంది. మిగతా సగంలోంచి మొగలిపొద ఒకటి లోపలికి తొంగిచూస్తూ ఉంటుంది. నక్షత్రాలు చూస్తున్నాయని తమ్ముడు మొదటి రాత్రి అందులో స్నానం చేయనన్నాడు.

మంచం మీద పరిచిన దుప్పటిని అమ్మ చేత్తో తడిమి చూసి, "ఇది మన బొంతే!" అంది. వాళ్ళు దాన్ని కాంథా అంటారు. పాత చీరలను పొరలుగా పేర్చి సన్న కుట్టు వేసి చేస్తారు. మా నానమ్మ కూడా అచ్చం అలాగే చేస్తుంది, కుట్టు మాత్రం కొంచెం పెద్దది.

ఆ ఇంటి యజమానురాలు ఒక పెద్దావిడ. సిల్చర్‌లో మా పక్కింటి బామ్మగారిని పిలిచినట్టే నేను ఆవిడను 'దిదా' అన్నాను. అమ్మానాన్నలు 'మాషీ' అన్నారు. నాకు మిగిలిన ముక్కలు ముక్కల బెంగాలీలో "దిదా, కేమొన్ ఆఛో?" అన్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఒక తెలుగుపిల్ల జబల్‌పూర్ నుంచి వచ్చి సిల్చర్ యాసలో బెంగాలీ మాట్లాడడం ఆవిడ ఎన్నడూ వినలేదట. ఆ నిమిషం నుంచి నేను ఆవిడకు 'దిదిభాయ్'ని అయిపోయాను. సిల్చర్ వదిలి వచ్చేటప్పుడు ఈ భాష ఇక దేనికి పనికొస్తుంది అనుకున్నాను. ఏదీ వృథా పోదని మన బదిలీ పిల్లలకు చెప్పడానికి నా దగ్గర ఉన్న రుజువు ఇదే.

ఆ ఇంట్లో గోడ గడియారం లేదు. దాని చోట ఒక పలక వేలాడుతుంది. దాని మీద దిదా మనవడు రోజూ ఆటుపోట్ల సమయాలు రాస్తాడు. కోల్‌కతాలో చిత్రకళ చదువుకుని తిరిగివచ్చిన అన్నయ్య అతను. ఇల్లు ఆ రూపంలో ఉండడానికి కారణం అతని బుర్ర, వడ్రంగి అయిన వాళ్ళ నాన్న చేతులు. పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు అన్నదాన్ని బట్టి అక్కడ టిఫిను వేళ మారుతుంది. నీరు వెనక్కి తగ్గే వేళ పొద్దున్నే అయితే ముందు సముద్రం, తర్వాత టిఫిను. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతూ ఉంటుంది కాబట్టి టిఫిను కూడా దానితో పాటు జరుగుతుంది. ఎనిమిదింటికి ఇడ్లీ తినకపోతే తలనొప్పి వచ్చే మా నాన్న రెండో రోజుకే పలక చూసి ఆకలి వేయించుకోవడం నేర్చుకున్నాడు. మూడో రోజు లూచీలతో పాటు అమ్మ తన డబ్బాలోని ఆవకాయ వడ్డించింది. దిదా నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుని, "మీరూ ఆవపిండి మనుషులేనా!" అంది. వాళ్ళ కాసుందీ కూడా ఆవాలతోనే చేస్తారు.

ఇంకొక వింత, అక్కడ సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు మునిగిపోతాడు. జోధ్‌పూర్‌లో అదే నెలలో ఆ వేళకు మేము ఇంకా ఎండలో ఆడుకునేవాళ్ళం. కారణం భూగోళ పాఠంలోనే ఉంది. మన దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల తేడా. ఈ దీవి 93 డిగ్రీల దగ్గర ఉంది, జోధ్‌పూర్ 73 దగ్గర. అంటే 20 డిగ్రీలు, 80 నిమిషాలు. పరీక్షలో ఈ లెక్క ఎన్నోసార్లు చేశాను. కానీ చేతిలో సగం తిన్న జామకాయ ఉండగానే చీకటి పడిపోతే అప్పుడు నిజంగా అర్థమైంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఇంటి ముందు ఇసుకలో ఒక పొడవాటి స్తంభం ఉంది. దానికి పైనుంచి కింద దాకా బాణం ఆకారంలో కోసిన పడవచెక్కలు కొట్టి ఉన్నాయి. ఒక్కో బాణం మీద ఒక్కో ఊరి పేరు, కిలోమీటర్లు. ప్రతి బాణమూ ఆ ఊరు ఉన్న దిక్కుకే చూస్తుంది. పుణె, కోళికోడ్, గువాహటి, రాంచీ, ఇంకా నాకు చదవడం రాని లిపుల్లో ఏవేవో. ఆ ఇంటి నియమం ఏమిటంటే, వెళ్ళిపోయే ముందు ప్రతి కుటుంబం తమ ఊరి పేరుతో ఒక బాణం రాయాలి. కుటుంబానికి ఒకటే. దూరం కొలవడానికి ఒక పాత స్కూలు అట్లాసు, ఒక దారం ఉండ ఇస్తారు. ఫోనులో చూడకూడదు.

మా ఇంట్లో గొడవ మొదలైంది. తమ్ముడు సిల్చర్ అన్నాడు. అమ్మ, "ఇప్పుడుండేది జబల్‌పూర్ కదా, అదే రాద్దాం" అంది. నాన్న ఏమీ అనలేదు. నేను వేళాకోళంగా, "అన్నీ రాసి ఒక చక్రం చేద్దాం" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక లేచాను. వరండాలో అమ్మానాన్న మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నానమ్మ ఇంటి పడమటి గోడ ఆ ఏడు వానలకు కూలిపోయిందట. బాగుచేయించినా ఇక ఎన్నాళ్ళో నిలవదట. కాకినాడలో ఉన్న బాబాయి నానమ్మను తన దగ్గరికి తీసుకుపోతానంటున్నాడు. "ఇల్లు లేని ఊరు హోమ్ టౌన్ ఎలా అవుతుంది? సర్వీసు మొత్తంలో ఒక్కసారి మార్చుకోనిస్తారు. కాకినాడ అని మార్చేస్తే సరి" అంటున్నాడు నాన్న. కాసేపాగి, "ఈసారి అమ్మ దగ్గరికే వెళ్ళాల్సింది" అన్నాడు. నాన్న గొంతు అలా వణకడం నేను అంతకుముందు వినలేదు.

నేను చప్పుడు చేయకుండా వెళ్ళి పడుకున్నాను. అండమాన్ రావాలని అందరికన్నా ఎక్కువ గంతులేసింది నేనే. అది గుర్తొచ్చి గొంతులో ఏదో అడ్డుపడింది.

మర్నాడు పొద్దున్నే నీరు బాగా తగ్గింది. దిదా మనవడు మమ్మల్ని రాతి వంతెన దగ్గరికి తీసుకెళ్ళాడు. అలలు తొలిచి తొలిచి రాయి వంతెనలా మిగిలింది. నీరు తగ్గినప్పుడే దాని దగ్గరికి నడిచి వెళ్ళగలం. దారిలో రాళ్ళ మధ్య నిలిచిన గుంటల్లో చిన్న చేపలు, నల్లటి సముద్ర దోసకాయలు, నక్షత్రం ఆకారపు జీవులు. తమ్ముడు మాత్రం జేబుల నిండా గవ్వలు ఏరాడు. ఒక గవ్వ అతని జేబులోంచి నడుచుకుంటూ బయటికి వచ్చింది!

అది హెర్మిట్ పీత. దాని వెనక భాగం మెత్తగా ఉంటుంది, దానికి సొంత పెంకు ఉండదు. ఖాళీగా దొరికిన నత్తగుల్లలో దూరి కాపురం పెడుతుంది. పెరిగేకొద్దీ ఆ గుల్ల ఇరుకై, ఇంకాస్త పెద్దది వెతుక్కుని అందులోకి మారుతుంది. ఒక్కోసారి ఈ పీతలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసలో నిలబడతాయట. పెద్దది కొత్త గుల్లలోకి మారగానే, అది వదిలినదాంట్లోకి తర్వాతది, ఆ తర్వాతది. "అచ్చం క్వార్టర్ల కేటాయింపులా ఉందే!" అని నాన్న రెండు రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాడు. "టైపు ఫోర్ ఖాళీ అయితే టైపు త్రీ వాడు అందులోకి, వాడి దాంట్లోకి టైపు టూ వాడు."

దీవి నుంచి గవ్వలు, పగడాలు పట్టుకుపోకూడదని అక్కడ నియమం ఉంది. అందరూ తలా ఒకటి పట్టుకుపోతే పీతలకు ఇళ్ళు మిగలవని అన్నయ్య చెప్పాడు. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా జేబులు రెండూ దులిపేశాడు. క్వార్టరు దొరక్క మేము జోధ్‌పూర్‌లో నాలుగు నెలలు ఒకే గదిలో ఉన్న సంగతి వాడికి కూడా గుర్తుండి ఉంటుంది.

మధ్యాహ్నం దిదా వంటింటి గుమ్మంలో కూర్చుని కొబ్బరి కోరుతుంటే నేను పక్కన చేరాను. స్తంభం మీద అన్నిటికన్నా పైన ఉన్న బాణం, అన్నిటికన్నా పాతది, ఎవరిదని అడిగాను. అది ఆవిడదే. దాని మీద 'బరిశాల్' అని ఉంది. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. ఆవిడకు ఏడెనిమిదేళ్ళప్పుడు, 1960లలో, తూర్పు బెంగాల్ నుంచి వచ్చేసిన కుటుంబాలకు ఈ దీవిలో ప్రభుత్వం భూమి ఇచ్చింది. అమ్మతో, అన్నతో కలిసి కోల్‌కతా నుంచి ఓడలో వచ్చింది. అప్పటికి ఇక్కడంతా అడవే. చెట్లు కొట్టి, పొలం చేసి, కూరగాయలు పండించారు. ఇప్పటికీ ఈ దీవి నుంచి చుట్టుపక్కలకు కూరగాయలు వెళ్తాయి.

"బరిశాల్ ఎలా ఉంటుంది దిదా?"

"ఎటు చూసినా నీళ్ళే. మా ఇంటి ముందు కాలవ. కాలవ మీద పడవ. వెనకాల కొబ్బరిచెట్లు, పోకచెట్లు."

నేను గబుక్కున, "మా నానమ్మ ఇంటి ముందు కూడా కాలవ ఉంది, దిదా. వెనకాల కొబ్బరితోట" అన్నాను. ఆ తర్వాత ఎందుకో ఆగలేకపోయాను. గోడ కూలడం, నానమ్మ ఊరు వదలడం, హోమ్ టౌన్ మార్చడం, అన్నీ బెంగాలీ, హిందీ కలిపి చెప్పేశాను. "ఇక ఆ ఊళ్ళో మాకేమీ ఉండదు. అలాంటప్పుడు ఆ పేరు బాణం మీద రాస్తే అబద్ధం కాదా?" అన్నాను.

దిదా కోరడం ఆపలేదు. "బరిశాల్‌లో మా ఇల్లు కూడా లేదు, దిదిభాయ్. ఏటి కోతలో పోయిందని ఎప్పుడో ఎవరో చెప్పారు. నేను మళ్ళీ వెళ్ళలేదు, వెళ్ళను కూడా. నా పిల్లలు, నా పొలం, నా చావు అన్నీ ఇక్కడే. ఆ బాణం వెళ్ళడానికి పెట్టుకోలేదు. ఎటువైపో మర్చిపోకుండా ఉండడానికి పెట్టుకున్నాను."

అంతే అంది. తర్వాత నా చేతిలో ఇంత కొబ్బరి పెట్టి, "ఊరికే కూర్చోకు, బెల్లం తురుము" అంది.

సాయంత్రం నేను అట్లాసు తీసుకుని దారంతో కొలిచాను. దీవి నుంచి బరిశాల్‌కు ఒక దారం, దీవి నుంచి అమలాపురం వైపుకు ఒక దారం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గోరంత తేడా. స్కేలుతో లెక్క వేస్తే మా ఊరు సుమారు 1,300 కిలోమీటర్లు. పడమరకు కొంచెం ఉత్తరంగా. లక్ష్మణ్‌పూర్ ఒడ్డున నిలబడితే, ఆ రోజుల్లో సూర్యుడు మునిగే చోటికి కుడిచేతి పక్కన. మధ్యలో ఉన్నదంతా బంగాళాఖాతమే. అంటే ఈ ఒడ్డును తాకే నీరూ ఓడలరేవు ఒడ్డును తాకే నీరూ ఒకటే సముద్రం. నానమ్మ సరదాకి అన్న మాట నిజమే.

"నానమ్మ ఊరి పేరే రాద్దాం. నేను రాస్తాను, తెలుగులో" అన్నాను. నాన్న నా వైపు చూసి, ఒక్క మాట కూడా అనకుండా రంగు డబ్బా మూత తీసి ఇచ్చాడు.

కుంచె ముంచాక అసలు చిక్కు వచ్చింది. నేను బడిలో ఎప్పుడూ తెలుగు చదవలేదు. అమ్మ ఇంట్లో నేర్పినంతే. మా ఊరి పేరులో వచ్చేది 'ల'నో 'ళ'నో నాకు తేలలేదు. అమ్మ ఒకటన్నది, నాన్న ఇంకోటన్నాడు. సరే, ఊళ్ళో ఉన్నావిడనే అడుగుదామని, ఫోను కాస్త బాగా అందే చోటైన రోడ్డు మీదికి వెళ్ళి నానమ్మకు ఫోన్ చేశాను.

"నానమ్మా, మన ఊరి పేరులో ఏ 'ల' వస్తుంది?"

"ఇదేం ప్రశ్నే! మామూలు ల. లక్ష్మిలో ల. ఎందుకూ?"

చెప్పాను. దీవి గురించి, స్తంభం గురించి, బాణం మా ఊరి వైపు చూస్తూ ఉంటుందని. అటునుంచి చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"మన ఊరి పేరా? అంత దూరాన? తెలుగులోనే?"

"అవును నానమ్మా."

"అయితే వంకర పోకుండా రాయి. తలకట్టు మర్చిపోకు" అంది. గొంతు ఏదోలా ఉంది. తర్వాత తనే తేరుకుని, "మీ నాన్నకివ్వు" అంది. నాన్న ఫోను తీసుకుని రోడ్డు చివరి దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేసరికి పూర్తిగా చీకటి పడింది. వచ్చి, "ఎండాకాలం మనం ఊరు వెళ్తున్నాం. ఎల్.టి.సి. లేకపోతే ఏం, స్లీపరులో వెళ్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్న బాణాన్ని మేకులతో కొట్టారు. దిక్కు సరిచూసింది దిదా మనవడు. తమ్ముడు మూతి ముడుచుకుని కూర్చుంటే దిదా నియమం కొంచెం సడలించింది. విరిగిన తెడ్డు ముక్క మీద వాడిచేత 'సిల్చర్' అని రాయించింది. సిల్చర్ దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది, ఈ దీవి ఉన్న రేఖాంశం మీదే. తన ఊరు అన్నిటికన్నా తిన్నగా ఉందని తమ్ముడు ఓడ ఎక్కేదాకా చెబుతూనే ఉన్నాడు.

మే నెలలో అన్నట్టే ఊరు వెళ్ళాం. పడమటి గది మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఇరవై రోజులు మిగతా రెండు గదుల్లోనే పడుకున్నాం. కాలవలో ఈత నేర్చుకున్నాను. నానమ్మ సామాన్లు సర్దడంలో సాయం చేశాను. ట్రంకుపెట్టెలు సర్దడంలో మనల్ని మించినవాళ్ళు ఎవరున్నారు? ఇత్తడి బిందెలను బొంతల మధ్య ఎలా పెట్టాలో నేను చూపిస్తే నానమ్మ ఆశ్చర్యపోయింది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఇంతకీ ఆ దీవి ఎటువైపే?" అని అడిగింది. లేచి నిలబడి, తూర్పుకు కొంచెం దక్షిణంగా, కొబ్బరిచెట్ల మీదుగా చెయ్యి చూపించాను. నానమ్మ అటే చూస్తూ కూర్చుంది.

జూన్‌లో ఆవిడ కాకినాడ వెళ్ళిపోయింది. నాన్న సర్వీసు పుస్తకంలో హోమ్ టౌన్ మాత్రం మార్పించలేదు.

మాకు జబల్‌పూర్‌లో మూడేళ్ళు నిండాయి. ఈ పత్రిక అచ్చయి మీ చేతికి వచ్చేసరికి మేము ఇంకో ఊళ్ళో, ఇంకో బడిలో ఉండవచ్చు. అక్కడ కూడా మొదటి రోజు ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి నేను తడబడను. ఊరి పేరు చెబుతాను. ఎటువైపో కూడా చెయ్యి పెట్టి చూపిస్తాను.